కుక్కతో కలిసి వ్యాయామం: 45 నిమిషాలు నడిచినా ఫలితం ఎందుకు కనిపించడం లేదు?

ఉదయనడక | మొదటి రోజు

నాకు 47 ఏళ్ళు, రోజంతా కుర్చీకి అతుక్కుపోయే ఉద్యోగం. ఇంట్లో నాలుగేళ్ళ లాబ్రడార్ ఉన్నాడు, వాడి బరువు 38 కిలోలు. రక్తపోటు హద్దు దాటబోతున్నదని, వారానికి కనీసం 150 నిమిషాలైనా చురుకుగా నడవాలని వైద్యులు హెచ్చరించినప్పుడు, ఎలాగూ కుక్కను బయట తిప్పక తప్పదు కనుక స్వామికార్యమూ స్వకార్యమూ కలిసివస్తాయని సంబరపడ్డాను. మూడు నెలలుగా వారానికి ఆరు రోజులు, రోజుకు 45 నిమిషాల చొప్పున వాడితో నడుస్తున్నాను. లెక్కకు 270 నిమిషాలు అవుతున్నాయి గాని నా బరువులోనూ రక్తపోటులోనూ చెప్పుకోదగిన మార్పు లేదు, వాడి నడుము కూడా మునుపటిలాగే పీపాలా ఉంది.

అనుమానం వచ్చి నిన్న ఫోన్‌లో దూరం కొలిచాను. 45 నిమిషాలలో మేము నడిచినది 1.6 కిలోమీటర్లు, మధ్యలో ఆగినది 31 సార్లు. ప్రతి చెట్టు మొదలూ ప్రతి స్తంభమూ వాడు వాసన చూడవలసిందే. లాగితే మొండికేస్తాడు, లాగకపోతే నా నడక సాగదు. కుక్కతో కలిసి వ్యాయామం చేసి నిజంగా ఒళ్ళు బాగుచేసుకున్నవారు ఉంటే, మీ పద్ధతి ఏమిటో వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పరుగుబాట | మొదటి రోజు

ఉదయనడక గారూ, వాసన చూడటం మీ కుక్క నడకకు అడ్డంకి కాదు, వాడు బయటికి వచ్చిన పనే అది. చిక్కంతా మీరు ఒకే నడకతో రెండు పనులు ఒకేసారి చేయించాలని చూడటంలో ఉంది. నేను ఎనిమిదేళ్ళుగా రెండు కుక్కలతో నడుస్తున్నాను, పరుగెత్తుతున్నాను. మొదటి పది నిమిషాలు పూర్తిగా వాటివి: పొడవైన పట్టీ, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగడం, మలమూత్రాలు కానివ్వడం. ఆ తరువాత అదే పట్టీని నడుము బెల్టుకు తగిలించి "పద" అంటాను. అక్కడి నుంచి 25 నిమిషాలు ఆగేది లేదు. చివరి పది నిమిషాలు మళ్ళీ వాటికే వదిలేస్తాను.

ఈ తేడా కుక్కకు మాటల కంటే సామాను ద్వారా తొందరగా అర్థమవుతుంది. పట్టీ చేతిలో ఉంటే తిరగడం, నడుముకు ఉంటే పని. మొదట రెండు నిమిషాలు ఆగకుండా నడిస్తే చిన్న తినుబండారం ఇవ్వండి, ఆ తరువాత మూడు, అయిదు, ఎనిమిది నిమిషాలకు పెంచుకుంటూ పొండి. మా రెండవ కుక్కకు ఇది పట్టుబడటానికి మూడు వారాలు పట్టింది, మొదటిదానికి మాత్రం రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలలో నాకు వచ్చిన కోపాన్ని ఇక్కడ రాయడం మర్యాద కాదు.

మీ వేగం గురించి కూడా ఒక మాట. పెద్దవారిలో నిమిషానికి సుమారు 100 అడుగులు పడితే అది ఓ మోస్తరు తీవ్రత గల వ్యాయామమని పరిశోధకులు లెక్కగట్టారు. లెక్కపెట్టే ఓపిక లేకపోతే, నడుస్తూ మాట్లాడగలగాలి గాని పాట పాడలేకపోవాలి. 45 నిమిషాలకు 1.6 కిలోమీటర్లంటే గంటకు రెండు కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే, ఆ వేగంతో మీరు హాయిగా కచేరీ చేయవచ్చు.

సందేహజీవి | మొదటి రోజు

నా అభిప్రాయం కొంచెం కటువుగా ఉంటుంది, మన్నించండి. కుక్క పని కుక్క చేయాలి, మనిషి పని మనిషి చేయాలి. కుక్కను పావుగంట తిప్పి ఇంట్లో వదిలి, మిగిలిన అరగంట మీరు ఒంటరిగా వేగంగా నడిస్తే ఈ సమస్యే ఉండదు. మన బద్ధకానికి కుక్కను సాకుగా చూపడం ఎందుకు?

ఉదయనడక | మొదటి రోజు

సందేహజీవి గారూ, మీ మాటలో నిజం లేదని అనను. అయితే ఒంటరిగా నడుస్తానని గతంలో మూడుసార్లు ప్రతిజ్ఞ చేసి మూడుసార్లూ రెండో వారంలోనే మానేసిన చరిత్ర నాది. ఇప్పుడు తెల్లవారుజామున ఐదు గంటలకు దుప్పటి లాగి, ముఖం మీద తడి ముక్కు పెట్టేవాడు ఒకడున్నాడు కాబట్టే మూడు నెలలు నాగా లేకుండా లేచాను. వాడు లేకపోతే నడక వేగం మాట అటుంచి, అసలు నడకే లేదు.

చదువరి | రెండవ రోజు

ఉదయనడక గారి అనుభవానికి పరిశోధనల మద్దతు ఉంది. బ్రిటన్‌లో ఒక పట్టణ ప్రాంతం మీద జరిగి 2019లో వెలువడిన అధ్యయనంలో, కుక్కలను పెంచుకునేవారు వారానికి 150 నిమిషాల లక్ష్యాన్ని చేరుకునే అవకాశం పెంచుకోనివారికంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా కనిపించింది. ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే, కుక్కతో నడిచేవారు ఆ వంకతో తమ ఇతర వ్యాయామాన్ని తగ్గించుకోలేదు. అంతకు రెండేళ్ళ ముందు, అంటే 2017లో, స్వీడన్‌లో 40 నుంచి 80 ఏళ్ళ వయసు గల 34 లక్షల మంది వివరాలను పరిశీలించినప్పుడు, ఒంటరిగా జీవించేవారిలో కుక్క ఉన్నవారికి మరణించే ముప్పు కుక్క లేనివారికంటే 33 శాతం తక్కువగా తేలింది.

అయితే ఇవి కుక్క వల్లే ఆరోగ్యం వస్తుందని నిరూపించే అధ్యయనాలు కావు. ఒంట్లో ఓపిక ఉన్నవారే కుక్కను తెచ్చుకుంటారేమో అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఇంట్లో కుక్క ఉన్నా దానిని నడిపించే పని మరొకరికి అప్పగించేవారికి ఈ లాభం ఏమీ అందదన్నది మాత్రం వేరే అధ్యయనం లేకుండానే చెప్పవచ్చు.

పశువైద్యం నా వృత్తి | రెండవ రోజు

ఇప్పటివరకు అందరూ మనిషి వైపు నుంచే మాట్లాడారు కనుక కుక్క వైపు నుంచి కొన్ని మాటలు రాస్తాను. 38 కిలోల లాబ్రడార్ ఎత్తును బట్టి లావా కాదా అన్నది తెలుస్తుంది, అయినా "పీపా" అన్న పోలిక చూస్తే లావు అనే అనిపిస్తున్నది. ఇంట్లోనే చూసుకునే పద్ధతి ఒకటి ఉంది. పక్కటెముకల మీద అరచేతిని తేలికగా ఆనించినప్పుడు నొక్కకుండానే ఎముకలు తగలాలి, పై నుంచి చూస్తే పక్కటెముకల వెనుక నడుము సన్నబడాలి, పక్క నుంచి చూస్తే పొట్ట వెనుకకు పైకి లేచినట్టు ఉండాలి. మేము దీనిని ఒకటి నుంచి తొమ్మిది వరకు ఉన్న కొలబద్ద మీద వేస్తాము, అందులో నాలుగు లేదా ఐదు ఉంటే సరైన ఒళ్ళు. బరువు తగ్గడంలో నడక వాటా తక్కువ, గిన్నెలో పెట్టేదాని వాటా ఎక్కువ అని కూడా నిర్మొహమాటంగా చెప్పాలి. అమెరికాలో 48 లాబ్రడార్లను జీవితకాలం పాటు గమనించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, తోటి కుక్కలకంటే 25 శాతం తక్కువ మేత తిన్నవి మధ్యగత లెక్కన (అంటే సగం కుక్కలు దాటిన వయసు) 13 ఏళ్ళు బతికితే, మిగిలినవి 11.2 ఏళ్ళు బతికాయి. పైగా తక్కువ తిన్నవాటిలో కీళ్ళ అరుగుదల ఆలస్యంగా మొదలైంది.

కుక్కకు ఉన్న పెద్ద దోషం ఏమిటంటే అది మనల్ని నమ్మి వెంటవస్తుంది. మనిషికి మోకాలు నొప్పి పుడితే కూర్చుంటాడు, కుక్క మాత్రం యజమాని ముందుకు నడుస్తుంటే నొప్పిని దిగమింగుకొని అడుగు వేస్తుంది. అందుకని ఉదయనడక గారిని ఒక చిన్న పని కోరుతున్నాను. ఆ 31 ఆగడాలనూ ఒకే గాటన కట్టకండి. రేపు నడిచేటప్పుడు వాడు ఆగినప్పుడల్లా వాసన చూస్తున్నాడా, మూత్రం పోస్తున్నాడా, లేక ఊరకే నిలబడుతున్నాడా అని, ఎన్నవ నిమిషంలో ఆగుతున్నాడో కూడా రాసుకోండి.

కొత్తకూన | రెండవ రోజు

డాక్టర్ గారూ, మా ఇంట్లో ఏడు నెలల జర్మన్ షెపర్డ్ కూన ఉంది. నేను వారానికి మూడు రోజులు ఐదు కిలోమీటర్లు పరుగెత్తుతాను. దానిని ఇప్పుడే తీసుకెళ్ళవచ్చా? ఇంట్లో అది చేసే గోల చూస్తే పది కిలోమీటర్లయినా అలవోకగా పరుగెత్తేలా ఉంది.

పశువైద్యం నా వృత్తి | రెండవ రోజు

ఇప్పుడే వద్దు. పెరిగే వయసులో పొడవాటి ఎముకల చివర్లలో మెత్తటి మృదులాస్థి భాగాలు ఉంటాయి, ఎముక అక్కడి నుంచే పెరుగుతుంది. చిన్న జాతుల్లో అవి సుమారు ఏడాది లోపు గట్టిపడతాయి గాని, మీ కూన వంటి పెద్ద జాతుల్లో 14 నుంచి 18 నెలలు, మరీ భారీ జాతుల్లో ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. ఆ లోపల గట్టి నేల మీద ఒకే వేగంతో, తన ఇష్టంతో నిమిత్తం లేకుండా కిలోమీటర్ల కొద్దీ పరుగెత్తించడం మంచిది కాదు. కూన తనంతట తాను గడ్డి మీద గెంతి, అలసినప్పుడు పడుకోవడం వేరు. నెల వయసుకు ఐదు నిమిషాల చొప్పున నడిపించాలనే లెక్క ఒకటి ప్రచారంలో ఉంది. దానికి గట్టి ఆధారమేమీ లేదు గాని, తొందరపడేవారికి కళ్ళెంగా పనికివస్తుంది కనుక నేను దానిని ఖండించను.

ఇంట్లో గోల చేయడం ఒంటి బలానికి గుర్తు కాదు, బుర్రకు పని లేకపోవడానికి గుర్తు కావచ్చు. దాచిన తినుబండారాన్ని వాసనతో వెతికించడం, పిలిస్తే రావడం నేర్పించడం ఇప్పుడే మొదలుపెట్టండి. ఏడాదిన్నర వయసు వచ్చాక మీ పక్కన పరుగెత్తేటప్పుడు అదే అక్కరకు వస్తుంది.

పడిలేచినవాడు | మూడవ రోజు

సామాను మాట వచ్చింది కనుక నా కథ చెప్పకుండా ఉండలేను. రెండేళ్ళ క్రితం పట్టీని చేతికి రెండు చుట్లు చుట్టుకొని నడుస్తుండగా మా కుక్క ఒక పిల్లిని చూసి ఒక్క ఉదుటున దూకింది. ఉంగరం వేలు విరిగింది, భుజం పట్టేసింది, ఆరు వారాలు ఎడమ చేత్తో సంతకం చేశాను. ఇది నా ఒక్కడి దురదృష్టమనుకున్నాను గాని, అమెరికాలో 2001 నుంచి 2020 వరకు కుక్కను పట్టీతో నడిపిస్తూ గాయపడి అత్యవసర విభాగాలకు చేరిన పెద్దవారి సంఖ్య సుమారు 4,22,000 అని, అందులో వేలు విరగడమే అన్నిటికంటే ఎక్కువని తరువాత చదివాను.

ఇప్పుడు పట్టీని చేతికి చుట్టుకోను, అరచేతిలో మడిచి పట్టుకుంటాను. బటన్ నొక్కితే పొడవు పెరిగే సన్నటి తాడు పట్టీలను పూర్తిగా మానేశాను, ఎందుకంటే కుక్క వేగం అందుకునేంత దూరం ఇచ్చి చివర్లో ఒక్కసారిగా బిగుసుకునే సాధనం అది. పరుగుబాట గారు చెప్పిన నడుము బెల్టు బాగానే ఉంటుంది గాని, కుక్క 38 కిలోలు, మనిషి ఆఫీసు కుర్చీ మనిషి అయినప్పుడు, లాగకుండా నడవడం నేర్పిన తరువాతే దానిని కట్టుకోవాలని నా మనవి. చెయ్యి అయితే వదిలేయవచ్చు, నడుమును ఎక్కడ వదులుతాము?

పరుగుబాట | మూడవ రోజు

పడిలేచినవాడు గారి హెచ్చరిక న్యాయమైనది, నా మొదటి జవాబులోనే దానిని చేర్చవలసింది. బెల్టుకు, పట్టీకి మధ్య సాగే ముక్క ఒకటి ఉండాలి, చిటికెలో ఊడదీయగల కొక్కెం ఉండాలి. కుక్కకు మెడపట్టీ బదులు ఛాతీకి వేసే హార్నెస్ వాడాలి. మెడపట్టీతో లాగినప్పుడు కంటి లోపలి పీడనం పెరుగుతుందని, హార్నెస్‌తో లాగినప్పుడు అలా పెరగలేదని 2006 నాటి ఒక పరిశోధనలో తేలింది. భుజాల కదలికను అడ్డుకునే హార్నెస్ కూడా మంచిది కాదు, ముందుకాలు చాచినప్పుడు ఏ పట్టీ దానికి అడ్డం పడకూడదు.

కుక్క ముందు ఉండి లాగుతుంటే మనిషి వెనుక పరుగెత్తే కానిక్రాస్ అనే ఆట ఐరోపాలో బాగా ప్రాచుర్యం పొందింది. మంచు బండ్లు లాగే కుక్కలకు మంచు లేని కాలంలో ఇచ్చే తర్ఫీదుతో దానికి చుట్టరికం ఉంది. రెండు మీటర్ల సాగే తాడు, కుడి ఎడమలకు మాటల ఆజ్ఞలు, మట్టి బాట కావాలి. అందులో నాకు నచ్చిన నియమం ఒక్కటే: కుక్క ఎప్పుడూ మనిషికి ముందే ఉండాలి. అది వెనుకబడిందంటే పరుగు ముగిసిందని అర్థం, దానిని లాక్కుపోవడం నిషిద్ధం.

ఇంకొక విషయంలో నేను తప్పు చేశాను. ఉక్కపోతగా ఉన్న ఒక సాయంత్రం, ఎండ లేదు కదా అన్న ధీమాతో ఆరు కిలోమీటర్లు పరుగెత్తించాను. ఇంటికి వచ్చేసరికి కుక్క నాలుక పార వెడల్పున సాగి, చివర ముదురు ఎరుపుకు తిరిగింది, నడక తూలింది. ఆ రోజు గట్టెక్కాము గాని, ఏమి చేయవలసి ఉండెనో డాక్టర్ గారు చెబితే అందరికీ మేలు.

పశువైద్యం నా వృత్తి | మూడవ రోజు

కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. పాదాల మెత్తల దగ్గర కొద్దిగా పట్టినా, ఒంటి వేడి తగ్గేది ప్రధానంగా రొప్పడం వల్లనే, అంటే నోటిలోని, శ్వాసనాళంలోని తడి ఆవిరి కావడం వల్లనే. గాలిలో తేమ ఎక్కువైతే ఆవిరి కావడం మందగిస్తుంది కాబట్టి ఎండ లేని ఉక్కపోత కూడా అంతే ప్రమాదం. పగ్, బుల్‌డాగ్ వంటి చప్పిడి ముక్కు జాతులకు ఆ దారే ఇరుకు, వాటిని చల్లని పూట కూడా పరుగుకు తీసుకెళ్ళకూడదు.

కుక్క మామూలు ఉష్ణోగ్రత సుమారు 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. అది 41 దాటితే అవయవాలు దెబ్బతినే దశ. తూలడం, చిక్కటి చొంగ, వాంతి, పిలిస్తే పలకకపోవడం కనిపిస్తే ముందు చల్లబరచాలి, ఆ తరువాతే వాహనం ఎక్కించాలి. ఒంటి నిండా చల్లని నీళ్ళు ధారగా పోస్తూ, గాలి విసురుతూ ఉండాలి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే అది కాసేపటికి వేడెక్కి దుప్పటిలా పనిచేస్తుంది. దారిలో కూడా కిటికీలు తెరిచి లేదా ఏసీ వేసి తీసుకురావాలి, తేరుకున్నట్టు కనిపించినా చూపించాలి, ఎందుకంటే మూత్రపిండాల దెబ్బ మరునాటికి గాని బయటపడకపోవచ్చు. ఇక నేల వేడి సంగతి అందరికీ తెలిసిందే: అరచేతి వెనుక భాగాన్ని నేలకు ఏడు సెకన్లు ఆనించలేకపోతే కుక్క పాదాన్ని కూడా ఆనించకూడదు.

లాబ్రడార్ ఉన్నవారికి మరొక మాట. కొన్ని లాబ్రడార్లు ఐదు నుంచి ఇరవై నిమిషాల తీవ్రమైన పరుగు తరువాత వెనుక కాళ్ళు తేలిపోయి కూలబడతాయి. డీఎన్ఎమ్1 అనే జన్యువులో మార్పు దీనికి కారణమని 2008లో కనుగొన్నారు, జన్యుపరీక్ష అందుబాటులో ఉంది. మామూలు నడకకు ఇది అడ్డు కాదు గాని, ఉద్రేకంతో పదేపదే బంతి విసిరి పరుగెత్తించే ఆట అటువంటి కుక్కకు ప్రాణాంతకం కావచ్చు.

ముసలి జాగిలం తోడు | నాలుగవ రోజు

ఇక్కడ అందరూ పరుగుల గురించి రాస్తున్నారు, మాది పన్నెండేళ్ళ డాక్స్‌హండ్, నాది 68 ఏళ్ళ మోకాలు. మేమిద్దరం రోజుకు నాలుగుసార్లు పన్నెండు నిమిషాల చొప్పున నడుస్తాము. పొడవైన వెన్ను, పొట్టి కాళ్ళ జాతి కావడం వల్ల వెన్నుపూసల మధ్య డిస్క్ జారే ముప్పు ఎక్కువని చెప్పడంతో మెట్లూ సోఫా మీది నుంచి దూకడమూ మానిపించాము. అది వాసన చూస్తూ ఆగినప్పుడల్లా నేను గోడ పట్టుకొని మడమలు ఎత్తి దించుతాను, ఒక్కొక్క కాలి మీద నిలబడతాను. ఒక నడకకు ముప్పై నలభై సార్లు మడమలు ఎత్తడం అవుతుంది. చూసేవారికి నవ్వులాటగానే ఉంటుంది గాని, నిరుడు రెండుసార్లు తూలి పడినదానిని ఈ ఏడు ఒక్కసారి కూడా పడలేదు.

ఉదయనడక | ఐదవ రోజు

డాక్టర్ గారూ, మీరు చెప్పినట్టే రెండు రోజులు కాగితం మీద రాసుకున్నాను. నిన్న ఆగినవి 29. అందులో 17 వాసన కోసం, నాలుగు మూత్రం కోసం. మిగిలిన ఎనిమిదింటిలో వాడు ఏమీ చేయలేదు, ఊరకే నిలబడి నా ముఖం చూశాడు, రెండుసార్లు కూర్చున్నాడు. ఆ ఎనిమిదీ 25వ నిమిషం తరువాతవే. మొన్నటి కాగితం కూడా ఇంచుమించు ఇలాగే ఉంది. ఇంకొకటి, ఇంటికి వచ్చి పడుకొని లేచిన తరువాత మొదటి నాలుగైదు అడుగులు బిగుసుకున్నట్టు వేస్తున్నాడు. లావు వల్ల బద్ధకమని ఇంతకాలం వాణ్ణి వెక్కిరించాను.

పశువైద్యం నా వృత్తి | ఐదవ రోజు

నేను అనుమానించినది ఇదే. పడుకొని లేచినప్పుడు బిగుసుకుపోయి, కాస్త నడిచాక సర్దుకొని, ఎక్కువ నడిస్తే మళ్ళీ ఆగిపోవడం కీళ్ళ నొప్పి నడిచే తీరు. లాబ్రడార్లలో మోచేతి కీలు, తుంటి కీలు సరిగా ఏర్పడకపోవడం అరుదేమీ కాదు, నాలుగేళ్ళ వయసు దానికి చిన్నదీ కాదు. వేగం పెంచే ప్రయత్నాన్ని ఆపి, మీ దగ్గరి వైద్యులతో కీళ్ళు పరీక్ష చేయించి ఎక్స్‌రే తీయించండి. మనుషులకు వాడే నొప్పి మాత్రలు మాత్రం ఇంట్లో ఉన్నాయి కదా అని ఇవ్వకండి, ఐబుప్రోఫెన్ వంటివి కుక్కల కడుపును, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

సందేహజీవి | ఐదవ రోజు

బద్ధకమనే మాట ముందు వాడినవాణ్ణి నేనే, అది మనిషిని ఉద్దేశించి అన్నదే అయినా. వాడికి త్వరగా నయం కావాలని కోరుకుంటున్నాను.

ఉదయనడక | పదకొండవ వారం

ఆలస్యానికి క్షమించండి. ఎక్స్‌రేలో ఎడమ మోచేతి కీలులో అరుగుదల మొదలైనట్టు తేలింది. కొన్ని వారాలు మందులు వాడాము, తూకం వేసి మేత తగ్గించాము, వారానికి రెండుసార్లు ఈత కొట్టిస్తున్నాము. ఇప్పుడు వాడి బరువు 34.5 కిలోలు. పక్కటెముకలు చేతికి తగులుతున్నాయి.

మా పద్ధతి ఇలా మారింది. ఉదయం 20 నిమిషాలు, సాయంత్రం 20 నిమిషాలు మట్టి బాట మీద వాడి నడక. అందులో నా లెక్కలేవీ ఉండవు, ఆగినప్పుడు ముసలి జాగిలం తోడు గారి పుణ్యమా అని మడమలు ఎత్తుతాను. ఉదయం వాణ్ణి ఇంట్లో వదిలి, బూట్లు విప్పకుండా వెంటనే తిరిగి బయలుదేరి 30 నిమిషాలు ఒంటరిగా వేగంగా నడుస్తాను. సందేహజీవి గారు మొదటి రోజు చెప్పినది అక్షరాలా ఇదే, ఒప్పుకుంటున్నాను. కాకపోతే బూట్లు వేయించేవాడు మాత్రం వాడే. నా రక్తపోటు ఈ నెల మామూలు హద్దులోకి వచ్చింది, బరువు మూడు కిలోలు తగ్గింది.

ఒక్క సందేహం మిగిలింది. నేను రెండోసారి బయలుదేరుతుంటే తలుపు దగ్గర నిలబడి ఏడుస్తున్నాడు. తీసుకెళ్ళమంటారా?

పశువైద్యం నా వృత్తి | పదకొండవ వారం

తీసుకెళ్ళకండి. ఉదయం మేతలో పావు వంతును ముందే తీసిపెట్టి, మీరు గడప దాటేటప్పుడు పాత తువ్వాలులో చుట్టి వాడి ముందు పడేయండి, విప్పుకొని వెతుక్కోవడంలో ఏడుపు మరిచిపోతాడు. నెల తరువాత మోచేతిని మరోసారి చూపించి, 20 నిమిషాలను 25 చేయవచ్చునా అన్నది అప్పుడు తేల్చుకోండి.

ఉదయనడక | పదకొండవ వారం, మరునాడు

తువ్వాలు పనిచేసింది. నేను తిరిగి వచ్చేసరికి దాని మీదే పడుకొని నిద్రపోతున్నాడు.